వోల్ఫ్స్‌బర్గ్‌లో ఎవరూ చదవని కవిత

జర్మనీ వెళ్లొచ్చానని తెలిసిన వాళ్లంతా నన్ను రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. చలి ఎట్లా తట్టుకున్నారు, తిండికేం చేశారు. చలికి రెండు స్వెట్టర్లు తొడిగాను, తిండి సంగతి కింద ఉంది. కానీ ఆ ప్రయాణంలో ఒక శనివారం సంగతి మాత్రం ఇంట్లో వాళ్లకు కూడా పూర్తిగా చెప్పలేదు. చెప్పడానికి ఒక అమ్మాయి అనుమతి కావాలి. నాలుగు నెలలు ఆగాను. ఇప్పుడు ఆమె రాయమంది. పేరు మార్చమంది, మార్చాను.

నేను హన్మకొండలో జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్‌ని. కవితలు రాస్తాను. ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ చదివిన స్రవంతి ఇప్పుడు వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది. ఆ ఊళ్లో కొందరు ఒక చిన్న షాపు అద్దెకు తీసుకుని కవితలు చదువుకుంటారని, ఒక సాయంత్రం తెలుగు వినిపించడానికి రమ్మని పిలిచింది. దసరా సెలవుల్లో బయలుదేరాను.

హాంబర్గ్

మొదటి రోజు హాంబర్గ్‌లో దిగాను. అక్కడ వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. ఓడరేవు చూద్దామని వెళ్తే గాలికి నా గొడుగు తిరగబడి రెండు చువ్వలు విరిగాయి. గొడుగు పట్టుకుని నిలబడింది నేనొక్కదాన్నే. మిగతా వాళ్లంతా టోపీ ఉన్న రెయిన్‌కోట్లు తొడుక్కుని, అసలు వాన లేనట్టు నడుస్తున్నారు. రొట్టెలో ఉప్పు చేప, పచ్చి ఉల్లిపాయ పెట్టి ఇచ్చింది తిన్నాను. చేప ఉడికించలేదని సగం తిన్నాక తెలిసింది. స్టేషన్‌లో టాయిలెట్‌కు ఒక యూరో. మన లెక్కలో వంద రూపాయల దగ్గర. మా కాలేజీ పిల్లలకు చెబితే నమ్మలేదు.

మాట్లాడకూడని పెట్టె

మర్నాడు రైలెక్కాను. శనివారం చదవాల్సిన కవితను చిన్న గొంతుతో వల్లె వేసుకుంటున్నాను. అది మృత్యువు మీద రాసింది. మా దగ్గర సభల్లో అడిగి మరీ చదివించుకుంటారు. ఎదుటి సీటులో ఉన్న ముసలాయన వేలెత్తి అద్దం మీది బొమ్మను చూపించాడు. పెదవుల మీద వేలు పెట్టుకున్న బొమ్మ. ఆ పెట్టెలో మాట్లాడకూడదట. మన రైళ్లలో పల్లీలమ్మే వాళ్ల కేకలు, పక్కవాళ్ల పెళ్లి ముచ్చట్లు వింటూ పెరిగిన దాన్ని, రైల్లో మాట్లాడటం తప్పని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సిగ్గుతో నోరు మూసుకున్నాను. దిగేటప్పుడు ఆయనే లేచి, ఒక్క మాట లేకుండా నా సూట్‌కేసు కిందికి దించిపెట్టాడు.

చెప్పుల షాపులో కవులు

వోల్ఫ్స్‌బర్గ్ స్టేషన్ బయటికి రాగానే కాలువ, కాలువ అవతల ఇటుక గోడ, దాని మీద నాలుగు పొగగొట్టాలు. అది కార్ల ఫ్యాక్టరీ. ఊరంతా దాని షిఫ్టుల ప్రకారం నిద్ర లేస్తుంది.

స్రవంతి నన్ను నేరుగా ఆ షాపుకు తీసుకెళ్లింది. ఒకప్పుడు చెప్పులు కుట్టే షాపట. పేరు 'లేర్‌ట్సైలె'. ఖాళీ పంక్తి అని అర్థం. తలుపుకు ఒక పోస్టు డబ్బా. ఎవరైనా, ఏ భాషలోనైనా, పేరు లేకుండా కూడా కవిత రాసి అందులో వేయొచ్చు. లోపల గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు తీగ కట్టి, వచ్చిన కాగితాలను బట్టల క్లిప్పులతో పెడతారు. మంగళవారం మధ్యాహ్నం సూప్ కాస్తారు. ఇష్టమున్నంత ఇచ్చి తినొచ్చు, లేనివాళ్లు ఊరికే తినొచ్చు.

దాన్ని నడిపేది ఇన్‌గ్రిడ్. డెబ్బై దాటిన మనిషి. ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి రిటైరయింది. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఇన్‌గ్రిడ్ గారు అన్నాను. గారు అంటే ఏమిటని ఆమె అడిగితే స్రవంతి చెప్పింది. ఆమె నవ్వి, "నా భర్త కూడా నన్నెప్పుడూ అట్లా పిలవలేదు" అంది. ఆ సాయంత్రం బంగాళాదుంపల సూప్ పోసింది. ఉప్పు తప్ప ఇంకేం లేదు. నా సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకుంటే ఆమె చెంచా చాపింది. దగ్గు వచ్చినా ఆపకుండా తిన్నది.

శనివారం పొద్దున

మా సభ సాయంత్రం నాలుగింటికి. కుర్చీలు వేయడానికి పదింటికే వెళ్లాం. తడి కోటు తగిలించి తీగ వైపు చూశాను. ముందురోజు చీకట్లో గమనించలేదు. అరబ్బీ, పోలిష్, జర్మన్ కాగితాల నడుమ, సరిగ్గా మధ్యలో, ఒక తెలుగు కాగితం. గుండ్రని అక్షరాలు. ఇంత దూరంలో తెలుగు చూసిన సంతోషంతో దగ్గరికి వెళ్లి చదివాను.

మూడుసార్లు తలుపు కొట్టిన
తియ్యలె.
నాలుగోసారి కొట్టనియ్యరు.
గిన్నప్ప లెక్క
అంచులు మాడినయి, నడుమ పచ్చిగనే ఉన్న.
బట్టలు ఉతికి మడతపెట్టిన.
తాళంచెవి బల్ల మీద పెట్టిన.
ఎవ్వల మీద కోపం లేదు.
ఆదివారం దాక ఉంట.
అటెంక నేను పోత.

రెండోసారి చదివాను. సంతోషం పోయింది.

"స్రవంతీ, ఇది ఎవరు రాశారు?"

ఆమె వచ్చి చదివింది. "తెల్వదు మేడం. లవ్ ఫెయిల్యూర్ అనుకుంట. పిల్లలు ఇట్లనే రాస్తరు గదా."

"కాదు."

"ఎట్ల చెప్తున్నరు?"

పాతికేళ్లుగా పిల్లల దుఃఖపు కవితలు దిద్దుతున్నాను. అందులో వెన్నెల ఉంటుంది, రాలిన పూలుంటాయి, రక్తం ఉంటుంది. ఉతికి మడతపెట్టిన బట్టలు ఉండవు. అది స్రవంతికి చెప్పాను. "రేపే ఆదివారం" అన్నాను.

స్రవంతి ముఖం మారింది. గబగబా ఫోన్ తీసింది. "మన తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపుల ఫొటో పెడ్త. వందల మంది ఉన్నరు. ఐదు నిమిషాల్ల తెలుస్తది."

"వద్దు. ఐదు నిమిషాల్లో ఊరికి కూడా తెలుస్తది. ఆ పిల్లో పిల్లగాడో చూస్తే?"

"మరి ఎట్ల దొరుకుతరు మేడం? టైం లేదు గదా!" ఆమె గొంతు పెరిగింది. "మీరు గురువు, అందుకని ఆగుతున్న. లేకపోతే ఇప్పటికే పెట్టేటిదాన్ని."

కుర్చీలు వేస్తున్న ఇన్‌గ్రిడ్ ఆగిపోయి ఏమైందని అడిగింది. స్రవంతి ఒక్కో వాక్యం జర్మన్‌లోకి మార్చి చెప్పింది. ఇన్‌గ్రిడ్ చేతిలో కుర్చీతోనే నిలబడి విన్నది. తర్వాత అదే కుర్చీలో కూర్చుంది.

"మంగళవారం వచ్చింది ఆ కాగితం. అన్నిటికన్నా అందంగా ఉందని మధ్యలో పెట్టాను" అంది. ఇంకో రెండుసార్లు అదే మాట అంది. "అందంగా ఉందని."

అందరూ దాని పక్కనే కూర్చుని సూప్ తాగారు. నాలుగు రోజులు అది అక్కడే వేలాడింది.

ఆమెను నిందించే పని నాకు లేదు. మంగళవారం ఎవరెవరు వచ్చారో గుర్తు చేసుకోమన్నాను. ఇన్‌గ్రిడ్ కళ్లు మూసుకుంది. ఒక ఇండియన్ అమ్మాయి వచ్చింది. సూప్‌లోకి ఒక సంచి నిండా మిగిలిన రొట్టెలు తెచ్చింది, బేకరీ సంచి. తినమంటే తినలేదు.

గిన్నప్ప అంటే గిన్నె అడుగున ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె. ఆ మాటను బట్టి కరీంనగర్, జగిత్యాల వైపు పిల్ల అనుకున్నాను. ఖమ్మం వైపైతే తపాలచెక్క అనేది. అది తెలిసి చేసేదేమీ లేదు. కానీ ఆ మాట దగ్గరే నా కళ్లు ఆగిపోతున్నాయి. ఆ కాగితం తీసి మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను.

బేకరీ

రెండు వీధుల అవతల బేకరీ. శనివారం కావడంతో వరస రోడ్డు దాకా ఉంది. అక్కడ ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు కాబట్టి శనివారం ఊరంతా కొనుక్కుంటుంది. వరస దాటి ముందుకు వెళ్లబోతే ఒకాయన వరస చివరి వైపు చేయి చూపించాడు. ఇన్‌గ్రిడ్ ఆయనతో ఏదో అంది. ఆయన పక్కకు జరిగాడు, ఆయన వెనుకవాళ్లూ జరిగారు.

కౌంటర్‌లో ఉన్నావిడ పేరు రొసెల్లా. తాతల కాలంలో ఇటలీ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన కుటుంబమట. ఆ అమ్మాయి తన దగ్గరే వారానికి మూడు పూటలు పనిచేస్తుందని చెప్పింది. పేరు మౌనిక. గురువారం రాలేదు, ఈరోజూ రాలేదు. ఫోన్ చేయలేదు. "ఎప్పుడూ అట్లా చేసే పిల్ల కాదు" అంది.

అడ్రస్ అడిగాం. రొసెల్లా తల అడ్డంగా ఊపింది. డాటెన్‌షుట్జ్ అంది. ఆ మాట జర్మనీలో ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో అన్నిచోట్లా వినిపిస్తుంది. ఒకరి వివరాలు ఇంకొకరికి చెప్పకూడదన్న చట్టం. మన దగ్గరైతే వీధి చివర కిరాణా కొట్టులో అడిగితే ఇంటి నంబరుతో పాటు వాళ్లింట్లో ఏం వండారో కూడా చెబుతారు. మామూలుగా నాకు ఆ చట్టమే నచ్చుతుంది. ఆ నిమిషంలో మాత్రం కౌంటర్ మీది గాజును గుద్దాలనిపించింది.

రొసెల్లా లోపలికి వెళ్లి మౌనికకు ఫోన్ చేసింది. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. వరసలో వాళ్లెవరూ గొణగలేదు. ఆమె బయటికొచ్చి ఏప్రన్ విప్పి పక్కన పడేసి, తోటి పనామెకు కౌంటర్ అప్పజెప్పి, మావైపు చూడకుండా ఒక మాట అంది. స్రవంతి నా చెవిలో చెప్పింది.

"అడ్రస్ ఇయ్యలేనంటున్నది మేడం. గాని బయట కొంచెం తిరిగొస్తదట. వెనుక ఎవరు నడిచినా తనకు సంబంధం లేదట."

ఆమె నడిచింది. మేం ముగ్గురం వెనుక నడిచాం. నడక కాదు, దాదాపు పరుగు. ఇన్‌గ్రిడ్ మోకాళ్ల నొప్పితో కుంటుతూనే ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది. తలుపు తీయకపోతే వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తానంది.

మూడో అంతస్తు

కింది తలుపు దగ్గర గంటల వరస. రొసెల్లా నొక్కింది. జవాబు లేదు. ఎవరో సైకిల్‌తో బయటికి వస్తుంటే ఆ తలుపు పట్టుకుని లోపలికి దూరాం. మూడు అంతస్తులు మెట్లు ఎక్కాం. గది తలుపు ముందు ఒక జత బూట్లు, జాగ్రత్తగా పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

రొసెల్లా కొట్టింది. జర్మన్‌లో పిలిచింది. తలుపు తెరుచుకోలేదు. ఇన్‌గ్రిడ్ నంబరు నొక్కడం మొదలుపెట్టింది. నేను తలుపుకు నోరు దగ్గర పెట్టాను. ఏం మాట్లాడాలో ఆలోచించుకోలేదు.

"మౌనికా, బిడ్డా, నేను హన్మకొండ నుంచి వచ్చిన. నీ కవిత చదివిన. అంచులు మాడి నడుమ పచ్చిగున్నదని రాసినవు గదా. నేను తెలుగు చెప్పే మేడంను. ఒక్కసారి తలుపు తియ్యి."

అరనిమిషం గడిచింది. తర్వాత లోపల కుర్చీ జరిగిన చప్పుడు.

"హన్మకొండల యాడ?" అని ఒక గొంతు అడిగింది.

"కుమార్‌పల్లి."

లోపల గడియ తీసిన చప్పుడైంది.

పాతికేళ్ల పిల్ల. జడ గట్టిగా అల్లుకుని ఉంది. నిద్ర లేక కళ్లు లోపలికి పోయాయి. గది అద్దంలా శుభ్రంగా ఉంది. మంచం మీద మడతపెట్టిన బట్టలు. బల్ల మీద తాళంచెవి, దాని పక్కన కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం. జర్మనీలో ఒక పరీక్షను మూడుసార్లు రాయనిస్తారు. మూడోసారీ పోతే ఆ చదువు అక్కడితో సరి, దేశంలో ఇంకెక్కడా ఆ కోర్సు చదవనివ్వరు. రెండేళ్లు చదివి, ఒక్క పేపర్ దగ్గర ఆమె తలుపు మూసుకుపోయింది.

"ఎందుకు వచ్చిన్రు అందరు?" అంది. ఆమెకు కోపంగానే ఉంది. "అది ఊకె రాసిన కవిత మేడం. పోత అంటే ఇంటికి పోత అని."

ఆ మాట నిజమే కావచ్చు. మన భాషలో పోవడం అంటే రెండూ. ఒక్క క్షణం నేను నమ్మేయాలనుకున్నాను. నమ్మితే అందరం టీ తాగి వెళ్లిపోవచ్చు.

"టికెట్ తీసుకున్నవా?" అని అడిగాను.

మంచం మీది బట్టల మడత సవరించింది.

"ఇంట్ల చెప్పినవా వస్తున్నా అని?"

బల్ల మీది ఉత్తరాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

"చచ్చిపోదామనుకున్నవా బిడ్డా?"

స్రవంతి నా చేయి పట్టుకుని ఆపబోయింది. అడగకూడని మాట అడిగానేమోనని నాకూ భయం వేసింది. మౌనిక నావైపు చూసింది. ఆ రోజంతటిలో ఆమె సూటిగా చూసింది అప్పుడే.

"రెండు అనుకున్న మేడం. ఏదో ఒకటి తేల్చుకుందామని ఆదివారం దాక టైం పెట్టుకున్న. డబ్బాల ఎందుకేసిన్నో నాకే తెల్వదు. ఎవ్వలకు చదువరాదు గదా అని వేసిన." తాళంచెవిని వేలితో పక్కకు జరిపి, "ఎవరన్న చదువుతరేమో అని గూడ వేసిన" అంది.

అప్పుడు ఏడ్చింది. రొసెల్లాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా వచ్చి ఆమె పక్కన కూర్చుని భుజం మీద చేయి వేసింది. చేయి నిండా పిండి.

ఆసుపత్రికి వెళ్దామంటే మౌనిక మొదట ఒప్పుకోలేదు. వీసాకు ఏమన్నా అవుతుందని భయపడింది. ఇన్‌గ్రిడ్ ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, డాక్టర్‌తో మాట్లాడినంత మాత్రాన వీసా పోదని, ఆ మాటలు డాక్టర్ దగ్గరే ఉంటాయని చెప్పింది. ఇందాక బేకరీలో నన్ను కాల్చుకుతిన్న ఆ డాటెన్‌షుట్జే ఇప్పుడు ఆ పిల్లను మెట్లు దిగేలా చేసింది.

సాయంత్రం

ఎమర్జెన్సీలో ఐదు గంటలు కూర్చున్నాం. నేను, మౌనిక ఒక బెంచీ మీద. ఆమె పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. యంత్రంలో నాణేలు వేస్తే చాక్లెట్ బదులు పుదీనా బిళ్లలు పడ్డాయి. ఇద్దరం అవే చప్పరించాం. ఒక లేడీ డాక్టర్ ఆమెతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదని, సోమవారం మళ్లీ తీసుకురావాలని చెప్పింది. ఇన్‌గ్రిడ్ ఇంట్లో ఉండటానికి మౌనిక ఒప్పుకుంది. ఇన్‌గ్రిడ్ ఆమెను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లింది.

సభ నాలుగింటికి కదా, ఆరున్నరకు మొదలైంది. మధ్యలో స్రవంతి వెళ్లి షాపు తెరిచి, తలుపు మీద ఆలస్యమని కాగితం అంటించి వచ్చింది. అయినా పదిహేను మంది కదలకుండా కూర్చుని ఉన్నారు. టైం తప్పితే సహించని దేశమని విన్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. నా మృత్యువు కవిత తీసి చేతిలో పట్టుకున్నాను. మొదటి పంక్తిలోనే మరణాన్ని చల్లని నీడ అన్నాను. మా ఊళ్లో దానికి చప్పట్లు కొడతారు. కాగితం మడిచి, గుర్తున్న ఇంకేవో రెండు చిన్న కవితలు చదివాను. మధ్యలో ఒక పంక్తి మరిచిపోయాను. అంత పేలవంగా నేనెప్పుడూ చదవలేదు. ఆ మృత్యువు కవితను ఆ తర్వాత ఎక్కడా చదవలేదు.

ఆదివారం

పొద్దున్నే ఇన్‌గ్రిడ్ ఇంటికి వెళ్లాను. మౌనిక వంటగదిలో ఉంది. ముందు బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు. ఇన్‌గ్రిడ్ రాత్రంతా హాల్లో కుర్చీలోనే కూర్చుందని ఆమె కళ్లు చెబుతున్నాయి.

"అక్కకు చెప్త మేడం. మీరు ఉండుండ్రి" అంది మౌనిక. వాళ్లక్క జగిత్యాలలో నర్సు. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"పరీక్ష పోయింది అక్కా. మూడోది."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"ఎప్పుడు?" అంది అక్క.

"పదిహేను రోజులైంది."

"పదిహేను రోజుల నుంచి ఒక్కదానివే మోస్తున్నవా?" అంతలోనే అక్క గొంతు మారింది. డ్యూటీలో ఉన్న నర్సు గొంతు అయిపోయింది. "సరే. పోయింది పరీక్షనే గదా. నువ్వు ఉన్నవు గదా. రమ్మంటే టికెట్ నేను తీస్త. ఆగుతా అంటే ఆగు. నాయినకు నేను చెప్త, నువ్వు చెప్పకు. ఇప్పుడు నీ పక్కన ఎవరున్నరు?"

మౌనిక మమ్మల్ని చూసింది. "ఉన్నరు అక్కా" అంది. "ముగ్గురు నలుగురున్నరు."

తిరిగొచ్చాక

మంగళవారం నా విమానం. సోమవారం మౌనికను డాక్టర్ దగ్గరికి స్రవంతి తీసుకెళ్లింది, సెలవు పెట్టి. నేను అదే పొద్దున హాంబర్గ్ రైలెక్కాను. ఈసారి మాట్లాడే పెట్టెలోనే కూర్చున్నాను, కానీ మాట రాలేదు.

లేర్‌ట్సైలెలో ఇప్పుడొక కొత్త పద్ధతి వచ్చింది. ఏ భాష కాగితమైనా, ఆ భాష వచ్చిన మనిషి చదివి చెప్పాకే తీగకు పెడతారు. ఇన్‌గ్రిడ్ ఇల్లిల్లూ తిరిగి అరబ్బీకి ఒకరిని, పోలిష్‌కు ఒకరిని వెతికి పట్టుకుంది. తెలుగుకు స్రవంతి.

మౌనిక ఇంటికి రాలేదు. వారాలపాటు డాక్టర్ దగ్గరికి వెళ్లింది. కొన్ని వారాలు బాగా గడిచాయి, కొన్ని గడవలేదు. నా ఫోన్ ఎత్తని రోజులు కూడా ఉన్నాయి, ఆ రోజుల్లో నాకు క్లాసులో పాఠం సాగేది కాదు. ఇప్పుడు రొసెల్లా పూచీ మీద వేరే ఊళ్లో బేకరీ పని నేర్చుకునే కోర్సుకు దరఖాస్తు పెట్టింది. వీసా మార్పుకు టెర్మిన్ అనే ఆఫీసు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తోంది. దొరుకుతుందో లేదో ఇంకా తెలియదు. అప్పటిదాకా రొసెల్లా బేకరీలోనే తెల్లవారుజాము పనికి వెళ్తోంది.

మొన్న తనే ఫోన్ చేసింది. వెనుక ట్రేల చప్పుడు, ఎవరో జర్మన్‌లో కేకలు.

"కవితలు రాస్తున్నవా?" అని అడిగాను.

"లేదు మేడం. పొద్దుగాల మూడింటికి లేస్తున్న. ఇంటికొస్తే తిని పండుడే. కవితలకు టైం యాడున్నది?" అంది. తర్వాత, "ఆగుండ్రి మేడం, రొట్టెలు మాడుతున్నయ్" అని ఫోన్ పెట్టేసింది.

పాతికేళ్లుగా పిల్లలను కవితలు రాయండని వెంటపడుతున్న మనిషిని నేను. రాయడానికి టైం లేదని ఒక పిల్ల చెబితే కాలేజీ వరండాలో నిలబడి సంతోషంతో కళ్లు తుడుచుకున్నాను.